నీళ్ళలో రాడ్డు వెలుగుతుంది, అతుకు నిలుస్తుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన సంచికలో రేవుల దగ్గర ఇనుముకు పట్టే తుప్పు గురించి రాశాక ఉత్తర చెన్నై నుంచే కాక ఇతర చోట్ల నుంచి కూడా వరసగా ఉత్తరాలు వచ్చాయి. అటు తిప్పి ఇటు తిప్పి చాలామంది అడిగింది ఒకటే: నీళ్ళలోనే వెల్డింగ్ పెట్టేస్తే పోదా అని. వాటిలో కొన్నింటికి ఇవి జవాబులు.

ప్ర: పదిహేనేళ్ళుగా 6013, 7018 రాడ్లతో పని చేస్తున్నాను. రాడ్డు కాస్త చెమ్మగిల్లితేనే బీడ్ (అతుకు గీత) నిండా పిన్‌హోల్స్ పడతాయి. అలాంటిది సముద్రం అడుగున ఆర్క్ ఎలా నిలుస్తుంది? అక్కడ ఏ రాడ్డు వాడతారు?
– ఒక ఫ్యాబ్రికేటర్, తిరువొత్తియూరు

జ: ఆర్క్, అంటే రాడ్డు కొసకూ ఇనుముకూ మధ్య వెలిగే విద్యుత్ మంట, నీళ్ళను తాకదు. రాడ్డు కొస వేడికి చుట్టూ ఉన్న నీరు ఆవిరై, విడిపోయి, ఒక బుడగ కడుతుంది. ఆర్క్ ఆ బుడగ లోపల కాలుతుంది. బుడగ పెరిగి తెగి పైకి పోతుంది, దాని చోట వెంటనే ఇంకొకటి పుడుతుంది. ఆ బుడగలో 62 నుంచి 82 శాతం వరకు హైడ్రోజనే, మిగిలినదానిలో ఎక్కువ భాగం కార్బన్ మోనాక్సైడ్. సోవియట్ ఇంజనీరు కాన్‌స్టాంటిన్ ఖ్రెనోవ్ 1932లోనే ఇలా నీటి అడుగున వెల్డింగ్ చేసి చూపించాడు. కాబట్టి రాడ్డు వెలిగించడం పాత విద్యే, పెద్ద కష్టమూ కాదు.

కష్టం ఆ తరవాత మొదలవుతుంది. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి తొట్టి నీళ్ళలో ముంచితే అది గట్టిపడుతుంది, దాంతోపాటే పెళుసు కూడా అవుతుంది. బీడ్ పక్కనున్న ప్లేటుకు నీళ్ళలో జరిగేది సరిగ్గా అదే. ఉక్కు 800 డిగ్రీల నుంచి 500 డిగ్రీలకు దిగడానికి గాలిలో 8 నుంచి 16 సెకన్లు పడితే, నీళ్ళలో 2 నుంచి 4 సెకన్లే. అంత తొందరగా చల్లారిన ఉక్కులో మార్టెన్‌సైట్ అనే గట్టి, పెళుసు రూపం ఏర్పడుతుంది. పైన చెప్పిన హైడ్రోజన్ అందులోకి చేరి ఇరుక్కుంటుంది. గట్టిదనమూ హైడ్రోజనూ కలిశాయంటే బీడ్ అంచున, లోపలివైపు, గంటల తరవాత పగులు పుడుతుంది. డైవరు పైకి వచ్చేటప్పుడు అతుకు బాగానే కనబడుతుంది. అదే దీనిలోని మోసం.

7018 మీద మీకున్న నమ్మకం షెడ్డు వరకే. లో-హైడ్రోజన్ అనే దాని గొప్పంతా పూత పొడిగా ఉండటం మీద ఆధారపడింది. నీళ్ళలో ఆ గొప్ప మిగలదు. నీటి అడుగున ఎక్కువగా వాడేది 6013 తరహా రూటైల్ రాడ్డు, పైన నీరు చొరని మైనం లేదా వార్నిష్ పూతతో. ఇది తయారీదారు సీలు చేసిన ప్యాకెట్లలో వస్తుంది. మామూలు 6013 మీద ఇంట్లో వార్నిష్ పూసి దించేవారు ఉన్నారు. బకెట్లో వెలుగుతుంది కదా అని నమ్మకండి, పూతకు ఎక్కడ సన్నని పగులున్నా అక్కడ ఫ్లక్స్ (రాడ్డు మీది మందు) నాని ఊడిపోతుంది.

ప్ర: ఎన్నూరు వైపు ఒక జెట్టీ మరమ్మతు పని మాకు వచ్చింది. ఉక్కు పైలుకు (జెట్టీని మోసే స్తంభానికి) పోటు తక్కువ మట్టానికి కొంచెం కింద అరచేయంత రంధ్రం ఉంది. 10 మి.మీ. ప్లేటు అతికించమంటున్నారు. వరస చెప్పండి.
– ఒక కాంట్రాక్టరు, మణలి

జ: ముందు ఒక ఎదురు ప్రశ్న. ఆ రంధ్రం సరిగ్గా అక్కడే ఎందుకు పడింది? పోటు తక్కువ మట్టం దగ్గర కొన్ని రకాల సూక్ష్మజీవుల వల్ల ఉక్కు విపరీతమైన వేగంతో కరిగిపోవడం రేవుల్లో అందరికీ తెలిసిన జబ్బు. అదే జబ్బు అయితే లోహం రంధ్రం ఉన్నచోటే పోయి ఆగదు, చుట్టుపక్కల లోహం కూడా పలచబడి ఉంటుంది. అందుకని అల్ట్రాసోనిక్ గేజ్‌తో రంధ్రం చుట్టూ, నాలుగు దిక్కులా, అర మీటరు దూరం వరకు మందం తీయించండి. 6 మి.మీ. కన్నా తక్కువ మిగిలినచోట రాడ్డు పెడితే రంధ్రం పూడదు, ఇంకొకటి పడుతుంది. అలాంటి పైలుకు రెండు చిప్పలుగా వచ్చే బోల్టు క్లాంప్ బిగించి లోపల గ్రౌటు (పలచటి సిమెంటు ముద్ద) నింపడమే మేలు. వెల్డింగ్ కన్నా అది చౌక కాకపోవచ్చు, కానీ ఉక్కు గుణం ఎలా ఉన్నా పనిచేస్తుంది.

మందం ఉందనుకుందాం. తరవాత తెలియాల్సింది పైలు ఉక్కు కార్బన్ ఈక్వివలెంట్, అంటే ఆ ఉక్కు ఎంత సులువుగా గట్టిపడి పగులుతుందో చెప్పే అంకె. లెక్క మీకు తెలిసిందే: కార్బన్ శాతానికి మాంగనీస్‌లో ఆరో వంతు, క్రోమియం–మాలిబ్డినం–వనేడియం మొత్తంలో ఐదో వంతు, నికెల్–రాగి మొత్తంలో పదిహేనో వంతు కలపాలి. కార్బన్ 0.16, మాంగనీస్ 0.9 ఉన్న ఉక్కుకు ఇది 0.31 వస్తుంది, భయం లేదు. కార్బన్ 0.20, మాంగనీస్ 1.2 అయితే 0.40. నేరుగా నీళ్ళలో చేసే తడి వెల్డింగ్‌కు అది దాటకూడని గీత. ఉక్కుకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 2062లో ఈ250 ఏ రకానికి 0.42 వరకు అనుమతి ఉంది, కాబట్టి ‘మైల్డ్ స్టీలే కదా’ అని వదిలేయకండి. పాత పైలుకు టెస్ట్ సర్టిఫికెట్ దొరకకపోతే చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపండి.

ఇక పని. రంధ్రం చుట్టూ నత్తగుల్లలు గీకి, హైడ్రాలిక్ బ్రష్‌తో లోహం తెల్లగా మెరిసేదాకా తోమాలి. ప్లేటు అంచు పడేచోట అటూ ఇటూ కనీసం 50 మి.మీ. శుభ్రం కావాలి. రేకు మీద నమూనా తీసి, ప్లేటును ఒడ్డునే పైలు వంపుకు రోల్ చేయించండి. మూలలు గుండ్రంగా ఉండాలి, చదరపు మూల నుంచే పగులు మొదలవుతుంది. దించి పెట్టినప్పుడు ప్లేటుకూ పైలుకూ మధ్య సందు 1.5 మి.మీ. దాటకూడదు. ఒడ్డున మీరు 3 మి.మీ. సందును కూడా రాడ్డుతో నింపేస్తారు. నీళ్ళలో కరిగిన లోహం అంతసేపు ఆగదు, సందులోనే గడ్డకట్టి కింద చిట్టెం (కరిగి గడ్డకట్టిన మందు) ఇరుక్కుంటుంది. ఇంకొకటి, రంధ్రం లోపల గాలి పోగయ్యే ఖాళీ ఉంటే ప్లేటు పైభాగాన చిన్న తూటు పెట్టి ఉంచండి. బుడగల్లోని హైడ్రోజన్ అక్కడ చేరి పేలితే డైవరు ముఖానికి అర మీటరు దూరంలోనే పేలుతుంది.

మెషిన్ డీసీ మాత్రమే. ఏసీ నీళ్ళలోకి దించకూడదు, మినహాయింపు లేదు. 300–400 ఆంపియర్ల డీజిల్ సెట్ చాలు. మామూలుగా రాడ్డు నెగటివ్‌కు, ఎర్త్ పాజిటివ్‌కు. కేబుళ్ళ మీద గుర్తులు చెరిగిపోతుంటాయి కనుక రోజూ పొద్దున్న బకెట్ పరీక్ష చేయండి: సముద్రపు నీళ్ళ బకెట్లో రాడ్డు కొసనూ ఎర్త్ క్లాంప్‌నూ 5 సెం.మీ. దూరంలో పెట్టి కరెంటు ఇస్తే, బుడగలు జోరుగా రాడ్డు నుంచి రావాలి. క్లాంప్ నుంచి వస్తే తీగలు తారుమారైనట్టే. అలాగే పనిచేస్తే బీడ్ పాడవడమే కాదు, డైవరు హెల్మెట్ మీది ఇత్తడి భాగాలను కూడా కరెంటు తినేస్తుంది.

కేబుల్ దగ్గర పొదుపు చేయకండి. బార్జ్ మీది మెషిన్ నుంచి పని చోటుకు 60 మీటర్లు అనుకోండి, పోనూ రానూ 120 మీటర్లు. 180 ఆంపియర్లు పారితే 70 చదరపు మి.మీ. రాగి కేబుల్‌లో 5 వోల్టులకు పైగా పోతాయి. 35 చదరపు మి.మీ. అయితే 10 వోల్టులు దాటుతుంది. ‘మెషిన్ బాగానే ఉంది, కింద మాత్రం రాడ్డు అంటుకుపోతోంది’ అనే గోల సగం ఇక్కడిదే. కరెంటుకు రాడ్డు ప్యాకెట్ మీది అంకెలే ప్రమాణం. 4 మి.మీ. రాడ్డుకు సాధారణంగా 170–200 ఆంపియర్ల దగ్గర మొదలుపెడతారు, ఒడ్డున అదే రాడ్డుకు ఇచ్చేదాని మీద 10–20 శాతం ఎక్కువ.

పైన, సర్క్యూట్లో, కరెంటును పూర్తిగా తెంచే ఒక నైఫ్ స్విచ్ తప్పనిసరి. దాని దగ్గర ఒక మనిషి కూర్చోవాలి, అతనికి ఇంకో పని చెప్పకూడదు. డైవరు ఫోన్లో ‘హాట్’ అంటేనే స్విచ్ వేయాలి, ‘కోల్డ్’ అంటే వెంటనే తీయాలి, తీసి ‘కోల్డ్’ అని తిరిగి చెప్పాలి. ఆ మాట వినబడ్డాకే డైవరు రాడ్డు మార్చాలి. స్విచ్ వేసి ఉండగా రాడ్డు మార్చడం ఎక్కువ ప్రమాదాలకు దారి. ఎర్త్ క్లాంప్ నీటి కిందే, తోమిన చోట, డైవరు ఎదురుగా ఉండాలి. హోల్డరుకూ ఎర్త్‌కూ మధ్యలోకి అతని ఒళ్ళు ఎప్పుడూ రాకూడదు.

రాడ్డును ప్లేటుకు సుమారు 45 డిగ్రీల్లో ఆనించి, పై నుంచి కిందికి మెల్లగా ఈడ్చాలి. ఒడ్డున లాగా ఆర్క్ దూరం చేత్తో కాపాడక్కర్లేదు. పూత లోపలి తీగ కన్నా నెమ్మదిగా కరిగి చిన్న గిన్నె అంచులా ముందుకు పొడుచుకొస్తుంది, ఆ అంచే దూరం పట్టి ఉంచుతుంది. ఎన్నూరు నీళ్ళలో, అందులోనూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల బురద కలిసినప్పుడు, కళ్ళకు బుడగలూ మసకా తప్ప ఏమీ కనబడవు. చేతికి తెలిసే ఆ గరగర స్పర్శతోనే డైవరు దారి పట్టుకుంటాడు. అందుకే సీమ్ పక్కన ముందే ఒక పట్టీ బిగించి ఇవ్వండి, రాడ్డు దాన్ని ఒరుసుకుంటూ పోతుంది.

బీడ్ ఊపకుండా సన్నగా, తిన్నగా వేయాలి. ఫిల్లెట్‌కు (ప్లేటు అంచు మూలలో వేసే అతుకుకు) మూడు వరసలైనా పడాలి, ప్రతి వరసకూ చిట్టెం పూర్తిగా కొట్టి తోమాలి. తరవాతి వరస ముందు వరస అంచును తిరిగి వేడి చేసి కొంత మెత్తబరుస్తుంది, హైడ్రోజన్ కొంత బయటికి పోతుంది. ఒక్క లావు బీడ్‌తో ముగించే డైవరును పనిలో పెట్టుకోకండి. బట్ జాయింట్ (అంచుకు అంచు ఆనించి వేసే అతుకు) అడగకండి, తడి వెల్డింగ్‌కు ఫిల్లెట్టే తగినది.

అసలు పని మొదలుపెట్టే ముందు అదే లోతులో, అదే రాడ్డుతో, అదే డైవరు చేత ఒక ముక్క మీద వేయించి, పైకి తెచ్చి విరిచి చూడండి. నీటి అడుగు వెల్డింగ్‌కు అందరూ వాడే అమెరికన్ ప్రమాణం ఏడబ్ల్యూఎస్ డి3.6 కూడా ఇది అడుగుతుంది. పనయ్యాక కంటి పరీక్ష, ఆపైన మ్యాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష (అయస్కాంతంతో, ఇనుప రజనుతో పగుళ్ళు చూసేది). ఈ రెండోది అదే రోజు చేసి ఫైలు మూసేయకండి, ఒకటి రెండు రోజులు ఆగి చేయించండి. హైడ్రోజన్ పగులు వచ్చేది అప్పటికే. ఇంతా చేసి, పైలుకు బలి ఆనోడ్లు (పైలుకు బదులు తాము కరిగిపోయే లోహపు దిమ్మలు) బిగించకపోతే రెండో రంధ్రానికి మళ్ళీ మీకే పిలుపు వస్తుంది, కాంట్రాక్టరుగా మీకది సంతోషమేమో తెలియదు.

ప్ర: తడి వెల్డింగ్, పొడి వెల్డింగ్ అని రెండు రకాలు చదివాం. సముద్రం కింద ‘పొడి’ ఎలా సాధ్యం? పొడిది మంచిదైతే అందరూ అదే ఎందుకు చేయరు?
– మెకానికల్ విద్యార్థిని, గిండీ

జ: గ్లాసును బోర్లించి నీళ్ళ బకెట్లో నొక్కి చూడండి. లోపల గాలి ఉండిపోతుంది, నీరు పైదాకా ఎక్కదు. పైప్‌లైన్ మీద బోర్లించిన ఉక్కు గది అలాంటిదే. దాన్ని హ్యాబిటాట్ అంటారు. అడుగు తెరిచి ఉంటుంది, లోపలి వాయువు పీడనం బయటి నీటి పీడనానికి సమానంగా ఉంచుతారు. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక బార్ పెరుగుతుంది, కాబట్టి 100 మీటర్ల దగ్గర లోపల ఉండేది సుమారు 11 బార్లు. మామూలు గాలి అంత పీడనంలో పనికిరాదు. నైట్రోజన్ మత్తెక్కిస్తుంది, ఆక్సిజన్ విషమవుతుంది, మంట భయం సరేసరి. అందుకని హీలియం కలిపిన మిశ్రమాలు వాడతారు.

లోపల ప్లేటు పొడిగా ఉంటుంది, ముందుగా వేడి చేయవచ్చు, టిగ్‌తో (వాయువు రక్షణలో చేసే వెల్డింగ్‌తో) రూట్, అంటే అడుగు వరస, వేసి రాడ్డుతో నింపవచ్చు, ఎక్స్‌రే తీయవచ్చు. అతుకు ఒడ్డున వేసినదానికి దీటుగా వస్తుంది. పీడనం పెరిగేకొద్దీ ఆర్క్ సన్నబడి, మొండికేసి, ఎక్కువ వోల్టేజి అడుగుతుంది, కాబట్టి ఒక లోతుకు రాసిన ప్రొసీజర్ ఇంకో లోతుకు పనికిరాదు. తడి వెల్డింగ్‌లోనూ లోతు దెబ్బ ఉంది: బుడగలు బీడ్‌లో ఇరుక్కోవడం పెరుగుతుంది, మాంగనీస్ కాలిపోయి తగ్గుతుంది, ఆక్సిజన్ చేరుతుంది.

ఖర్చు మాటకొస్తే, గది ఒక్కటే కాదు. దాన్ని దించే ఓడ, వాయువులు, అక్కడే రోజుల తరబడి పీడనంలో బతికే డైవర్లు. పని అయిపోయాక వాళ్ళను మామూలు గాలికి తేవడానికే సుమారు 30 మీటర్ల లోతుకు ఒక రోజు చొప్పున పడుతుంది. సముద్రంలోని ముంబై హై చమురు క్షేత్రం పైప్‌లైన్‌కు అది గిట్టుతుంది, జెట్టీ పైలుకు గిట్టదు.

మధ్యేమార్గం ఒకటుంది, మన తీరంలో దానికే ఎక్కువ పని ఉండాలి: కాఫర్‌డ్యామ్. ఉక్కు పలకలు పాతి కట్టిన షీట్ పైల్ గోడకు మూడు పలకల పెట్టె ఆనించి, రబ్బరు గ్యాస్కెట్‌తో బిగించి, నీళ్ళు తోడేస్తే మామూలు వెల్డరు మామూలు గాలిలో దిగి పని చేస్తాడు. లోతు పెరిగితే మాత్రం జాగ్రత్త, 5 మీటర్ల దగ్గర ఆ పెట్టె మీద చదరపు మీటరుకు 5 టన్నుల బరువు పడుతుంది.

ప్ర: కాశిమేడులో మాకు ఉక్కు బోటు ఉంది. నీటి మట్టం కింద ప్లేటు చెమ్మ కారుతోంది. స్లిప్‌వే (బోటును ఒడ్డుకు లాగే వాలు) కోసం వేచి ఉంటే వేట పోతుంది. నీళ్ళలోనే వెల్డింగ్ పెట్టించవచ్చా?
– ఒక బోటు యజమాని

జ: ఆ ప్లేటుకు లోపలివైపు ఏముందో మొదట చూడండి అన్నా. డీజిల్ ట్యాంకు అయితే ఈ మాట ఇక్కడితో ఆపేయండి. చేపల గది అయితే అంతకన్నా మోసం, ప్లేటుకూ లైనింగ్‌కూ మధ్య చలువ నిలిపే పఫ్ ఫోమ్ ఉంటుంది. బయట నీళ్ళలో రాడ్డు పెడితే లోపల ఆ ఫోమ్ అంటుకుని విషపు పొగ వస్తుంది, పైన ఉన్నవాళ్ళకు ఆలస్యంగా తెలుస్తుంది.

బోటు నీళ్ళలో ఉండగానే లోపలి నుంచి వెల్డింగ్ పెట్టడం కొందరికి అలవాటు. లోపల పొడిగా ఉంది కదా అని అది పొడి వెల్డింగ్ అయిపోదు. ప్లేటు వెనక సముద్రం ఉంది, వేడిని అది లాగేస్తూనే ఉంటుంది, అతుకు పెళుసుగానే వస్తుంది. పలచబడిన ప్లేటు అయితే రాడ్డు దూరి ఏకంగా నీళ్ళు చిమ్ముతాయి. స్లిప్‌వే దొరికేదాకా బయట రబ్బరు పరిచి ప్లేటు బిగించడమో, నీళ్ళలో గట్టిపడే ఎపాక్సీ ముద్ద పెట్టించడమో చేసి, రేవులోనే కట్టి ఉంచండి. పెద్ద ఓడలకు కూడా తడి వెల్డింగ్‌ను సాధారణంగా డ్రైడాక్ చేరేదాకా తాత్కాలిక మరమ్మతుగానే చూస్తారు.

ప్ర: మావాడు ఐటీఐ వెల్డర్ చదివాడు. నీటి అడుగు వెల్డింగ్ కోర్సు చేస్తే లక్షలొస్తాయని ఎవరో చెప్పారట, పట్టు పడుతున్నాడు. నీళ్ళలో కరెంటు అంటే నాకు గుండె ఆగినంత పనవుతోంది.
– ఒక తల్లి, పెరంబూరు

జ: అమ్మా, మీరు భయపడుతున్న షాక్ ఉన్నదే, కానీ దాన్ని అదుపు చేయడం తెలిసిన పని. సముద్రపు నీరు మనిషి ఒంటికన్నా బాగా కరెంటును పారనిస్తుంది, అందుకని కరెంటు ఎక్కువగా నీళ్ళ దారినే పోతుంది. మంచినీటిలో తిరగబడుతుంది, అక్కడ ఒళ్ళే సులువైన దారి. చెరువుల్లో, డ్యాముల్లో పని ఆ లెక్కన మరింత ప్రమాదం. డీసీ, పై స్విచ్, రబ్బరు గ్లౌజులు, ఒళ్ళంతా కప్పే సూటు, ఈ నాలుగూ ఉంటే మిగిలేది తక్కువ. కరెంటు కారుతుంటే నోట్లో ఇనుము నాకినట్టు రుచి తెలుస్తుంది, అప్పుడు పని ఆపి కేబుల్ వెతకాలి.

మీరు అడగనిది ఇంకా ముఖ్యం. ఈ వృత్తిలో పొట్టన పెట్టుకునేది ఎక్కువగా నీరే. గేటుకో ఇన్‌టేక్ పైపుకో రెండు పక్కల నీటి మట్టం వేరుగా ఉంటే, 30 సెం.మీ. చదరపు రంధ్రం 5 మీటర్ల తేడాకు 450 కిలోల బలంతో మనిషిని పట్టేస్తుంది, పైనుంచి తాడుతో లాగితే రాడు. మీంజూరు, నెమ్మేలి లాంటి ఉప్పునీటి శుద్ధి కేంద్రాల ఇన్‌టేక్‌ల దగ్గర డైవరు దిగే ముందు పంపులు ఆపి తాళం వేయడం అందుకే. లోతు నుంచి తొందరగా పైకొస్తే రక్తంలో బుడగలు కట్టడం ఇంకొకటి.

వాడు ముందు కావాల్సింది కమర్షియల్ డైవరు, ఆ తరవాతే వెల్డరు. సరదాకు ఇచ్చే స్కూబా కార్డు దీనికి చెల్లదు. పై నుంచి గొట్టంలో గాలి, ఫోన్ ఉండే సర్ఫేస్ సప్లైడ్ శిక్షణ కావాలి, డైవింగ్ డాక్టరు దగ్గర చెవులు, ఊపిరితిత్తులు, గుండె పరీక్ష కావాలి. ఆ పరీక్ష ఫీజు కట్టకముందే చేయించండి, చెవి సమస్యతోనే కొందరు వెనక్కి రావాల్సి వస్తుంది. ఇంకో సంగతి వాడికి చెప్పండి: డైవరు రోజులో గీకడం, తోమడం, బోల్టులు బిగించడం, కోయడం, ఫొటో తీయడమే ఎక్కువ. రాడ్డు వెలిగించేది తక్కువ గంటలే.

కోర్సువాళ్ళను లక్షల గురించి కాదు, రెండు విషయాలు అడగండి. ఒక్కో విద్యార్థి నీటి కింద ఉండే మొత్తం నిమిషాలు ఎన్ని, వేసిన ముక్కలను విరిచి పరీక్షిస్తారా లేక ఫొటో తీసి ఇస్తారా.

ప్ర: మా అపార్ట్‌మెంట్ సంపులో ఇనుప నిచ్చెన మెట్టు విరిగింది. నీళ్ళు తోడకుండా నీటిలోనే వెల్డింగ్ పెట్టేవాళ్ళు బెంగళూరులో దొరుకుతారా?
– అసోసియేషన్ కార్యదర్శి, మారతహళ్ళి

జ: నీళ్ళు తోడించండి. సంపులో ఉండేది మంచినీరు, పై జవాబులో చెప్పిన చోటే మీరున్నారు. తోడాక కూడా అందులో వెల్డింగ్ పెట్టించకండి, మూసిన గుంతలో ఆ పొగ పోయే దారి లేదు. పాత నిచ్చెన కోసి తీసేసి, స్టెయిన్‌లెస్ మెట్లను యాంకర్ బోల్టులతో గోడకు బిగించండి. దిగే ముందు రెండు మూతలూ తెరిచి, ఫ్యాన్ పెట్టి గాలి ఆడనివ్వండి, దిగినవాడి నడుముకు తాడు, పైన ఒక మనిషి ఉండాలి. సగం రోజు పని.